పైలట్ కూర్చున్న కుర్చీ కోసం

మొదటి రోజు: సూ ఫాల్స్

అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రం, సూ ఫాల్స్ ఊరు. డాలస్ నుంచి వచ్చిన విమానం దిగి బయటికి నడుస్తుంటే పక్కన బావ లేడు. వెనక్కి తిరిగి చూస్తే కంచు విగ్రహం ముందు నిలబడి, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, తల పైకెత్తి చూస్తున్నాడు. బయట కారులో మా అక్క కూతురు. ఫోన్ల మీద ఫోన్లు. "మావయ్యా, ఇక్కడ ఎక్కువసేపు ఆపనివ్వరు, నాన్నని లాక్కురా!"

బావని లాక్కురావడం నా వల్ల అయ్యే పని కాదు. ఎయిర్‌ఫోర్స్‌లో మిగ్-21లకు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. విమానం వాసన తగిలితే కదలడు. రిటైరయ్యాక ఊరికొచ్చి సర్పంచ్ ఎన్నికల్లో నిలబడి 41 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ 41 మంది ఎవరో పేర్లతో సహా తెలుసంటాడు.

విగ్రహం జో ఫాస్‌ది. ఈ విమానాశ్రయం పేరు కూడా ఆయనదే, జో ఫాస్ ఫీల్డ్. అమెరికా మెరైన్ పైలట్. 1942 అక్టోబర్ నుంచి 1943 జనవరి మధ్యలో పసిఫిక్‌లోని గ్వాడల్‌కనాల్ దీవి మీద 26 శత్రు విమానాలు కూల్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా పైలట్ ఎడ్డీ రికెన్‌బాకర్ పేరున ఉన్న లెక్కతో అది సమానం. 1943 మేలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేతులమీదుగా అక్కడి అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు, జూన్‌లో లైఫ్ పత్రిక ముఖచిత్రమయ్యాడు. 1948లో సౌత్ డకోటా ప్రతినిధుల సభకి గెలిచాడు. 1955లో, 39 ఏళ్ళకే గవర్నరయ్యాడు.

ఇదంతా నేను ముందే ఫోన్లో బావకి చెప్పి ఉన్నాను. ఈ ప్రయాణం పెట్టుకుందీ అందుకే. విగ్రహం ముందు ఆయన అడిగింది ఒక్కటే.

"పైలట్ కనబడతాన్నాడు, గవర్నరూ కనబడతాన్నాడు. ఇందులో ఎమ్మెల్యే ఏడప్పా?"

కారులో ఇంటికి పోయేదాకా వైల్డ్‌క్యాట్ గురించే. ఫాస్ నడిపింది ఆ విమానమే. దాని చక్రాలు లోపలికి ముడవాలంటే మోటారు లేదు. పైకి లేస్తూనే పైలట్ ఎడమచేతికి స్టిక్ మార్చుకుని, కుడిచేత్తో హ్యాండిల్ తిప్పాలి, దాదాపు 30 చుట్లు. తిప్పుతున్నంతసేపూ విమానం అటూఇటూ ఊగుతుంది. బావ సీట్లో కూర్చుని కుడిచేయి గుండ్రంగా తిప్పి చూపించాడు. "మా ఊరి బావి గిలక కూడా ఇన్ని చుట్లు అడగదు." అమ్మాయి అద్దంలోంచి నావైపు చూసింది. ఇంకా ఆరు రోజులున్నాయి మరి.

రెండో రోజు: రెనర్ దారిలో

పొద్దున్న అందరూ చూసే జలపాతం చూశాం. గులాబీరంగు క్వార్ట్‌జైట్ రాళ్ళ మధ్య బిగ్ సూ నది సగం గడ్డకట్టి ఉంది. ఫొటోలు దిగేసరికి వేళ్ళు కొయ్యబారాయి. అక్కడితో అది అయిపోయింది.

తర్వాత ఊరి ఉత్తరాన రెనర్ వైపు వెళ్ళాం. చూడ్డానికి ఏమీ లేదు. మంచు కప్పిన మొక్కజొన్న చేలు, కోసేసిన మోళ్ళు వరసగా పైకి పొడుచుకుని, అక్కడక్కడా ధాన్యం నిలవచేసే రేకు గాదెలు. గాలి మాత్రం అడ్డు లేకుండా కొడుతోంది. 1927 ఆగస్టులో పైలట్ లిండ్‌బర్గ్ తన స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ విమానం వేసుకొచ్చి దిగింది ఈ రెనర్‌లోనే. అట్లాంటిక్‌ని ఒంటరిగా దాటి అప్పటికి మూడు నెలలు. చూడ్డానికొచ్చిన జనంలో 12 ఏళ్ళ జో ఫాస్ ఒకడు. నాలుగేళ్ళ తర్వాత తండ్రీ కొడుకులిద్దరూ మనిషికి డాలరున్నర ఇచ్చి ఫోర్డ్ ట్రైమోటర్ ఎక్కారు. ఆ ఇద్దరి మొదటి విమానం ఎక్కడం అది.

వాళ్ళది కరెంటు లేని ఇల్లు. 1933 మార్చిలో గాలివాన పూట తండ్రి కారులో ఇంటికొస్తూ, తెగిపడ్డ కరెంటు తీగ మీదికి నడిపాడు. కారు దిగగానే షాక్ కొట్టి అక్కడికక్కడే పోయాడు. జోకి ఇంకా 18 నిండలేదు.

ఈ సంగతి చెబుతుంటే బావ కారు పక్కన ఆపమన్నాడు. దిగలేదు, అద్దం దించాడంతే. రోడ్డు వెంబడి స్తంభాలు, తీగలు గాలికి ఈల వేస్తున్నాయి.

"ఇంట్లో బల్బు లేదు. రోడ్డు మీద తీగ ఉంది."

"ఉంది బావా. అప్పట్లో కంపెనీలు టౌనుకి టౌనుకి లైను లాగేవి. మధ్యలో పొలాల్లో విడివిడిగా ఉండే ఇళ్ళకి ఇస్తే గిట్టుబాటు కాదనేవి. రైతుల కోసం ఆర్‌ఈఏ అని ప్రభుత్వం పథకం పెట్టింది 1935లో."

"రెండేళ్ళు లేటు," అని అద్దం ఎత్తేశాడు.

తండ్రి పోయాక తల్లితో కలిసి పొలం చూసుకున్నాడు జో. అవి దుమ్ము తుఫాన్ల ఏళ్ళు. పంట పోయింది, పశువులు పోయాయి. తర్వాత తమ్ముడు పొలం అందుకుంటే ఇతను పెట్రోలు బంకులో పనిచేసి కాలేజీ ఫీజులు కట్టుకున్నాడు. ఊళ్ళోంచి వచ్చిన నాయకుడు అని ఎవరినైనా అనేముందు ఈ లెక్క చూడాలనిపించింది నాకు. ఊళ్ళో ఇల్లుండటం వేరు, ఊరు నెత్తిన పడటం వేరు.

మూడో రోజు: వర్మిలియన్

గంట ప్రయాణం దక్షిణానికి. ఫాస్ చదివిన యూనివర్సిటీ ఆఫ్ సౌత్ డకోటా ఇక్కడే. క్యాంపస్‌లో తిరగడానికి చలి ఒప్పుకోలేదు. కాఫీ తాగి, కిటికీలోంచి చూసి వచ్చేశాం. అక్క కట్టిచ్చిన పులిహోర కారులోనే తిన్నాం.

ఇక్కడ చెప్పుకోవాల్సింది ఒకటుంది. 1937లో 65 డాలర్లు కూడబెట్టి విమానం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఇక్కడ చదివేటప్పుడు యూనివర్సిటీవాళ్ళ వెంటపడి, ప్రభుత్వ పైలట్ శిక్షణ కోర్సు పెట్టించాడు. 1940లో డిగ్రీ పుచ్చుకుని, లిఫ్టులు అడుక్కుంటూ మిన్నియాపొలిస్ దాకా పోయి మెరైన్లలో చేరాడు. తీరా చేరాక, 26 ఏళ్ళొచ్చాయి, ఫైటర్‌కి ముసలాడివి, ఫొటోలు తీసే స్క్వాడ్రన్‌కి పో అన్నారు. మళ్ళీ వెంటపడ్డాడు. అర్జీ మీద అర్జీ.

"ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక ముందునుంచే ఉంది," అన్నాడు బావ. "ఎమ్మెల్యే అయ్యే లక్షణం ఆడనే ఉంది చూడు."

నాలుగో రోజు: పియెర్‌కి

పియెర్ కాదు, 'పీర్' అనాలట. ఫ్రెంచి పేరు గదా అని నేను నోరు తిప్పి పలికితే పెట్రోలు బంకులో అమ్మాయి నవ్వింది. సూ ఫాల్స్ నుంచి 225 మైళ్ళు. ఇంటర్‌స్టేట్ హైవే లేని రాజధాని. 2020 జనాభా లెక్కల్లో సూ ఫాల్స్‌లో దాదాపు 1,92,000 మంది ఉంటే, రాజధానిలో 14,000 మంది. అమెరికా రాష్ట్రాల రాజధానుల్లో దీనికన్నా చిన్నది వెర్మాంట్‌లో మాంట్‌పీలియర్ ఒక్కటే.

దారిలో మిచెల్‌లో ఆగాం, కార్న్ ప్యాలెస్ కోసం. భవనం గోడలనిండా రంగురంగుల మొక్కజొన్న కంకులు నిలువుగా కోసి మేకులు కొట్టి బొమ్మలు చేస్తారు. బొమ్మలు ఎప్పటికప్పుడు మారుస్తారు. లోపల బాస్కెట్‌బాల్ ఆడతారు. పిచ్చుకలు ఒక గుర్రం బొమ్మ కాలుని సగం తినేశాయి. బావకి ఇది నచ్చలేదు. తినే గింజని గోడకి కొడతారా అని.

ఆయనకి నచ్చింది మెక్‌గవర్న్ కథ. జార్జ్ మెక్‌గవర్న్ ఈ మిచెల్‌లోనే పెరిగి, ఇక్కడి డకోటా వెస్లియన్‌లో చదివి, అక్కడే పాఠాలు చెప్పాడు. యుద్ధంలో బి-24 బాంబర్ పైలట్, 35 సార్లు దాడులకు వెళ్ళొచ్చాడు. 1958లో ఫాస్ గవర్నర్‌గిరీ చివర్లో అమెరికా కాంగ్రెస్‌కి పోటీచేస్తే, ఓడించింది ఈయనే. ఫైటర్ మీద బాంబర్ గెలిచింది.

"అంటే ఇద్దరూ పైలట్లే. పతకం చూసి ఓటేసేదుంటే ఫాస్ గెలవాల."

"అవును బావా. 1972లో మెక్‌గవర్న్ అధ్యక్ష పదవికి నిలబడితే ఒక్క మసాచూసెట్స్, వాషింగ్టన్ డీసీ తప్ప అన్నీ ఓడిపోయాడు. ఈ సౌత్ డకోటా కూడా."

"సొంతూరోళ్ళే?" బావ సీట్లో నిటారుగా కూర్చున్నాడు. తర్వాత ఓ పాతిక మైళ్ళు చాలా హుషారుగా ఉన్నాడు.

సాయంత్రం పీర్ చేరేసరికి మొదట అడిగిన మోటల్లో గదుల్లేవు. సభ జరుగుతోంది, శాసనసభ్యులే నెలల తరబడి అద్దెకుంటారట. రెండోచోట దొరికింది. హీటర్ రాత్రంతా దగ్గింది.

ఐదో రోజు: క్యాపిటల్ భవనం

ఈ రోజు కోసమే వచ్చాం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

భవనం 1905 నుంచి 1910 దాకా కట్టారు. గుమ్మటం ఎత్తు 161 అడుగులు. పొద్దున్నే లోపలికి వెళ్ళాం. సెక్యూరిటీ పెద్దగా లేదు. మన దగ్గర అసెంబ్లీ గేటు దాకా పోవాలన్నా పాస్ రాయించుకోవాలి. బావ జేబులో ఎక్స్-సర్వీస్‌మన్ కార్డు సిద్ధంగా పట్టుకుని నడిచాడు పాపం, ఎవరూ అడగలేదు.

ఇక్కడ శాసనసభ అంటే జీవితాంతం ఉద్యోగం కాదు. 35 నియోజకవర్గాలు, ఒక్కో దానికి ఒక సెనేటర్, ఇద్దరు ప్రతినిధులు, మొత్తం 105 మంది. జనవరి రెండో మంగళవారం మొదలవుతుంది. రాజ్యాంగం ప్రకారం 40 పనిదినాలు మించకూడదు. మార్చి చివరికి ముగించుకుని ఇళ్ళకి పోతారు. నేను రైతు కుటుంబంలో పుట్టాను కాబట్టి ఈ లెక్క చూడగానే నవ్వొచ్చింది. భూమి గడ్డకట్టి ఉన్నప్పుడు సభ, మంచు కరిగేసరికి పొలం. జీతం కూడా అంతే. దాదాపు రెండు దశాబ్దాలపాటు ఏడాదికి 6,000 డాలర్లే ఉండేది. ఇప్పుడు రాష్ట్రంలో మధ్యస్థ కుటుంబ ఆదాయంలో ఐదో వంతు ఇస్తారు. దాంతో ఎవరూ బతకరు. అందుకే రైతులు, పశువులు పెంచేవాళ్ళు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, రిటైరైనవాళ్ళు కనబడతారు. డబ్బు లేని కూలివాడు మూడు నెలలు పని మానుకుని ఇక్కడికొచ్చి కూర్చోగలడా అన్న అనుమానం నాకు పోలేదు. పార్ట్‌టైమ్ ప్రజాస్వామ్యం అందంగానే ఉంటుంది, కానీ దానికీ కొంత స్తోమత కావాలి.

పైనున్న గ్యాలరీలో కూర్చున్నాం. కింద 70 బల్లలు. ఆ బల్లే ఆఫీసు. సొరుగులో కాగితాలు, పక్కన కోటు, ఒకాయన బల్లమీద సగం తిన్న డోనట్. సొంత సిబ్బంది లేరు. హైస్కూలు పిల్లలు కాగితాలు అందిస్తూ తిరుగుతున్నారు.

"పీఏ లేడా?"

"లేడు."

"గన్‌మన్?"

"లేడు బావా."

"మరి ఊళ్ళోవాళ్ళు పనిమీద వస్తే ఎవరు పక్కకి నెడతారు?"

తర్వాత ఒక కమిటీ గదిలోకి వెళ్ళాం. ఎవరైనా పేరు రాసి లోపలికెళ్ళి మాట్లాడొచ్చు. పల్లె రోడ్ల మీద వంతెనల బాగోగుల గురించి మాట్లాడుతున్నారు. కౌబాయ్ బూట్లేసుకున్న ముసలాయన లేచి, తన ట్రాక్టరు, దాని వెనక బండి, రెండింటి బరువూ చెప్పి, వంతెన మీద రాసిన బరువు పరిమితి చెప్పి, కూర్చున్నాడు. ఉపన్యాసం లేదు. సభ్యుల్లో ఒకావిడ వెంటనే, అది ఏ వాగు మీది వంతెన అని అడిగింది. ఆవిడకి ఆ వాగు తెలుసు. బావ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అర్థం కానంత వేగంగా ఇంగ్లీషు నడుస్తున్నా, ఆ మూడు అంకెలూ ఆయనకి అందాయి.

ఫాస్ 1948లో గెలిచి రెండు టర్ములు కూర్చున్నది ఇలాంటి చర్చల్లోనే. యుద్ధం నుంచి వచ్చాక సూ ఫాల్స్‌లో విమానాలు అద్దెకిచ్చే వ్యాపారం, పైలట్లకి శిక్షణ, ఒక ప్యాకార్డ్ కార్ల షాపు పెట్టాడు. 1946లో ఎయిర్ నేషనల్ గార్డ్ అనే రాష్ట్ర వైమానిక దళాన్ని ఏర్పాటు చేసినవాళ్ళలో ఒకడు. కొరియా యుద్ధం వచ్చినప్పుడు ఎయిర్‌ఫోర్స్ మళ్ళీ పిలిచింది. చివరికి బ్రిగేడియర్ జనరల్ దాకా వెళ్ళాడు. గవర్నర్ పదవికి ప్రచారం చేసినప్పుడు చిన్న విమానంలో ఊరూరా దిగేవాడు.

బావకి కుర్చీ చూడాలి. ఫాస్ ఏ కుర్చీలో కూర్చున్నాడు? సందర్శకులకి వివరాలు చెబుతున్న పెద్దావిడని అడిగితే, స్థానాలు మారుతూ ఉంటాయి, ఫలానా ఆయనది అని ఉండదు అంది. గవర్నర్లకి మాత్రం గోడల మీద చిత్రపటాలున్నాయి. పక్కవీధిలో ప్రభుత్వ కార్యాలయాల భవనానికి జో ఫాస్ బిల్డింగ్ అని పేరూ ఉంది. ఎమ్మెల్యే మాత్రం మాకెక్కడా దొరకలేదు.

మా మొహాలు చూసి జాలిపడిందో ఏమో, ఆవిడ నేల చూడమంది. చలవరాతి ముక్కలు పొదిగిన టెరాజో నేల. ఇటలీ నుంచి వచ్చిన పనివాళ్ళు 66 మంది పరిచారట. సంతకాలు చెయ్యకూడదన్నారు కాబట్టి ఒక్కొక్కరికీ ఒక్కో నీలం రాయి ఇచ్చి, నీకు నచ్చినచోట పెట్టుకో అన్నారట. ఇప్పటిదాకా 55 కనిపెట్టారు, 11 దొరకలేదు.

ఇక బావని ఆపేదెవరు? డెబ్బై దాటిన మనిషి నడుం వంచి, సెల్‌ఫోన్ టార్చి వేసుకుని, స్తంభాల మొదళ్ళు, మెట్ల పక్కలు, తలుపుల మూలలు. ఒక సెనేటర్ కాబోలు, పక్కకి తప్పుకుని దారిచ్చాడు. గంటన్నరలో రెండు దొరికాయి. రెండోది గోడ వారన, అరచేతిలో పట్టేంత. దాని చుట్టూ బూడిదరంగు ముక్కలు, మధ్యలో ఒక్కటి సముద్రం రంగులో. బావ వేలితో తడిమి, "పని చేసినోడు ఇట్లనే ఉంటాడు, వంగితేనే కనబడతాడు" అన్నాడు. ఆయన చెప్పింది పనివాళ్ళ గురించో ఫాస్ గురించో నేను అడగలేదు.

బయట క్యాపిటల్ లేక్ దగ్గర కెనడా బాతులు వందలకొద్దీ. భూమిలోంచి వెచ్చటి నీళ్ళు వస్తున్నాయట, అందుకే అది పూర్తిగా గడ్డకట్టలేదు. అక్కడే రెండో ప్రపంచ యుద్ధ స్మారకం, కంచు సైనికులు వరసగా నిలబడి ఉన్నారు. బావ అటెన్షన్‌లో నిలబడ్డాడు. పక్కన ఒక బాతు కూడా.

ఆరో రోజు: చాంబర్‌లేన్‌లో ఇరుక్కున్నాం

తిరుగు ప్రయాణంలో మంచు గాలి మొదలైంది. ఐ-90 మీద మిస్సోరీ నది దాటి చాంబర్‌లేన్ చేరేసరికి హైవే మీద రైల్వే గేటులాంటి గేటు దించేశారు, ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. ముందుకు పోవడానికి లేదు. నాకు టెన్షన్. బావకి లేదు. ఎయిర్‌ఫోర్స్‌లో వాతావరణం కోసం కాచుకోవడం ఉద్యోగంలో భాగమేనట.

మధ్యాహ్నం కాసేపు తెరిపిచ్చింది. గట్టు మీద 'డిగ్నిటీ' విగ్రహం దగ్గరికి వెళ్ళాం. 50 అడుగుల స్టీలు విగ్రహం. ఆదివాసీ స్త్రీ వీపు మీదుగా నక్షత్రాల దుప్పటి రెండు చేతులా పరిచి నిలబడి ఉంటుంది, 2016లో పెట్టారు. కింద నది. నది కాదు నిజానికి, ఫోర్ట్ రాండల్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళు.

ఫాస్ శాసనసభకి గెలిచిన రోజులు ఈ డ్యాముల రోజులే. ఫోర్ట్ రాండల్ పని 1946లో మొదలైంది, పీర్ పైనున్న ఓహీది 1948లో. కరెంటు వచ్చింది, వరదలు తగ్గాయి. మునిగినవాటిలో సూ అనే ఆదివాసీ తెగలవాళ్ళకి కేటాయించిన రిజర్వేషన్ భూములు చాలా ఉన్నాయి. ఒక్క ఓహీ కిందే స్టాండింగ్ రాక్, షయెన్ రివర్ తెగలు 2,00,000 ఎకరాలకు పైగా పోగొట్టుకున్నాయి. ఏటి ఒడ్డు చెట్లు, వంటచెరుకు, మంచి నేల అంతా అదే.

మా బావది శ్రీశైలం ముంపు ఊరు. 1981లో అప్పుడాయన పఠాన్‌కోట్‌లో డ్యూటీలో ఉన్నాడు. సెలవు దొరికి వచ్చేసరికి ఇల్లు లేదు, నీళ్ళున్నాయి. వేసవిలో నీళ్ళు తగ్గితే గుడి ధ్వజస్తంభం మొదలు బయటపడుతుందని ఇప్పటికీ ఫొటోలు చూపిస్తాడు. ఈ నీళ్ళు చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కరెంటు లేక వాళ్ళ నాయన పాయె. కరెంటు కోసం వీళ్ళ ఊళ్ళు పాయె. ఆ కమిటీలో ఉంటే నువ్వు ఏ పక్క చెయ్యెత్తుతావు?" అన్నాడు. డ్యాములు కట్టింది రాష్ట్ర సభ కాదు బావా, కేంద్రం, ఆర్మీ ఇంజనీర్లు అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన అడిగింది అది కాదు.

రాత్రి చాంబర్‌లేన్‌లోనే. మోటల్లో చపాతీలు, అక్క ఇచ్చిన గోంగూర. గేటు తెల్లవారుజామున తీశారు.

ఏడో రోజు: మళ్ళీ ఎయిర్‌పోర్టు

అక్క ఇంకో నెల కూతురి దగ్గరే ఉంటుంది. మేమిద్దరం సెక్యూరిటీ లైన్లో. ఫాస్ చివరి కథ నేను బావకి చెప్పింది అక్కడే. 2002 జనవరి, 86 ఏళ్ళ మనిషి, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో కుర్రాళ్ళతో మాట్లాడాలని మెడల్ ఆఫ్ ఆనర్ జేబులో వేసుకుని ఫీనిక్స్‌లో విమానం ఎక్కబోతే సెక్యూరిటీవాళ్ళు ఆపేశారు. నక్షత్రం ఆకారంలో ఉన్న ఆ పతకం అంచులు వాళ్ళకి ఆయుధంలా కనిపించాయి. అది ఏమిటో అక్కడున్నవాళ్ళకి తెలియలేదు. ముప్పావు గంట నిలబెట్టారు. మరుసటి ఏడాది జనవరి 1న ఆయన పోయాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో పాతిపెట్టారు.

బావ ఏమీ అనకుండా బెల్టు, వాచీ, తాళాలు ట్రేలో పెట్టాడు. ఆయన తాళాల గుత్తికి ఒక చిన్న స్పానర్ వేలాడుతుంటుంది, బొటనవేలంత. రిటైరైన రోజు స్క్వాడ్రన్ కుర్రాళ్ళు చేసిచ్చింది. ట్రే మిషన్‌లోంచి వచ్చి ఆగింది. సెక్యూరిటీ అమ్మాయి గుత్తి పైకెత్తి, స్పానర్ని అటూ ఇటూ తిప్పి, గోటితో నోరు తడిమి చూసింది.

"డజ్ ఇట్ వర్క్?" అంది.

"ఎస్ మేడమ్. ఎయిట్ మిల్లీమీటర్," అన్నాడు బావ.

ఆమె ట్రేలో పెట్టేసి ముందుకి తోసింది. బావ బెల్టు పెట్టుకుంటూ గుత్తి జేబులో వేసుకుని, ఒకసారి పైనుంచి తట్టి చూసుకున్నాడు.